ఉండిపోయినవాడు

చంద్రరావు అరల్లో దుమ్ము దులుపుకుంటూ బల్ల చివరిదాకా వచ్చి ఆగిపోయాడు. బల్ల వెనక, తను రోజూ నిలబడే చోట, కుర్చీ ఉంది.

నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీ. కాళ్ళకి చుట్టిన కాగితం ఇంకా పూర్తిగా ఊడలేదు. వాయిల్ చీరల దగ్గర ఒకటి, షర్టింగుల దగ్గర ఒకటి, బిల్లులు రాసే చోట ఒకటి, అన్నీ అలాంటివే. నిన్న కొట్టు కట్టేసేటప్పటికి లేవు. ఎవరు తెచ్చారో, ఎప్పుడు వేశారో. చంద్రరావు కుర్చీని ముట్టుకోకుండా పక్కనుంచి వెళ్ళి తన అర ముందు నిలబడ్డాడు. నిలబడడానికి చోటు చాలక గోడకి ఒత్తుకున్నాడు గానీ, దాన్ని జరపడానికి చెయ్యి రాలేదు.

తాడితోటలో రాజుగారి బట్టల కొట్టుకి ఇరవయ్యేళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది. అందులో కస్టమర్లు తప్ప ఇంకెవరూ కూర్చుని ఎరగరు. కూర్చున్నవాడు అమ్మలేడని వెంకటరామరాజుగారి మాట. పొద్దున్న షట్టరు ఎత్తిన దగ్గరనుంచి రాత్రి దించేదాకా నిలబడి నిలబడి చంద్రరావు పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి, నీలంగా ఉబ్బి, పంచె పక్కకి తొలిగితే చూసినవాళ్ళు మొహం తిప్పుకునేలా తయారయ్యాయి. పై అరల్లో చీరలు అందుకుని అందుకుని కుడిభుజం ఎడమదానికంటే కాస్త ఎత్తుగా ఉండిపోయింది. మనిషి సన్నం. చొక్కా ఎప్పుడూ తెలుపు. దగ్గరికొస్తే గంజి వాసనా, కలరా ఉండల వాసనా వేస్తాడు. ఆదివారం తలంటు పోసుకున్నా ఆ వాసన పోదని అతని భార్య అచ్చాయమ్మ సణుగుతుంది.

"చూశారా బాబాయ్‌గారూ, కుర్చీలు!" అంది రామలక్ష్మి బిల్లు పుస్తకాలు సర్దుకుంటూ. బిల్లులు రాయడానికి రెండేళ్ళ కిందట చేరిన పిల్ల. చురుకైంది. ఏ కస్టమరు ఏ రంగు దగ్గర ఆగుతాడో కూర్చోబెట్టకుండానే చెప్పేస్తుంది. "అమ్మాయిగారు వేయించారంట. మధ్యాహ్నం మూడింటికి అందరికీ మీటింగంట. మిమ్మల్ని మాట్లాడమంటారంట."

"నన్నా? నన్నెందుకూ?"

"ఏమోనండి. అదే చెప్పమన్నారు."

బుద్ధి తెలిశాక అతను కొట్టులో నోరెత్తింది ధర చెప్పడానికే. కుర్చీ వెయ్యడం, మీటింగు పెట్టడం, మాట్లాడమనడం, ఇవన్నీ వరసగా పేర్చుకుని చూసుకుంటే అతనికి ఒకటే కనపడింది. దండ వేసి, శాలువా కప్పి, ఇక ఇంటి దగ్గర ఉండమంటారు. ఏటిగట్టు హైస్కూల్లో పక్కింటి మేష్టారికి అలాగే చేశారు.

రాజుగారికి పక్షవాతం వచ్చి అయిదు నెలలైంది. ఎడమచెయ్యి పడిపోయింది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. ఆయన కూతురు శ్రీసత్య విశాఖపట్నంలో ఎంబీఏ చదివి, హైదరాబాదులో ఏదో కంపెనీలో చేస్తూ, అది మానుకుని వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. ఆవిడ వచ్చాక కొట్టులో కేకలు లేవు. అందర్నీ "గారు" అంటుంది. మొదటిసారి "చంద్రరావు గారూ" అని పిలిచినప్పుడు అతను వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

రాజుగారు పిలిచేవారు కాదు. కుడిచేతి ఉంగరంతో గల్లాపెట్టె మీద అద్దాన్ని కొట్టేవారు. ఒక దెబ్బయితే ఎవరో ఒకరు రావాలి. రెండు దెబ్బలయితే చంద్రరావు. టక్, టక్. చేతిలో చీర చేతిలోనే ఉండగా వెళ్ళి నిలబడేవాడు. చాలాసార్లు పిలిచిన పని ఏమంత ఉండేది కాదు. మంచినీళ్ళు, లేకపోతే ఫ్యాను. అయినా వెళ్ళేటప్పటికి చొక్కా వీపుకి అంటుకుపోయేది.

ఇదంతా చిట్టియ్యతో మొదలైంది.

చిట్టియ్యదీ చంద్రరావుదీ కొవ్వూరు అవతల ఒకే ఊరు. ఒకే వయసు. ఇద్దరూ కలిసే గోదావరి దాటి వచ్చి, రాజుగారి కొట్టులో కుదిరి, ఆర్యాపురంలో ఒక గదిలో అద్దెకున్నారు. చిట్టియ్య మాటకారి. ఒకామె చీర కొనడానికొస్తే మూడు కొనిపించి పంపేవాడు. మూడో ఏట వేరే కొట్టువాళ్ళు పిలిచారు. సాయంత్రం రాజుగారి దగ్గరికెళ్ళి, వచ్చేనెల నుంచి మానేస్తానండి అని చెప్పాడు. మంచిదేరా అన్నారు రాజుగారు.

మర్నాడు పొద్దున్న గద్వాల్ చీర ఒకటి తక్కువయింది. పదకొండింటికి కానిస్టేబుల్ వచ్చాడు. కొట్టు నిండా పెళ్ళిబేరాలవాళ్ళు. వాళ్ళందరి ముందూ చిట్టియ్య కాలరు పట్టుకుని మెట్లు దింపాడు. చిట్టియ్య వెనక్కి తిరిగి, "ఒరే చంద్రం, నువ్వు చెప్పరా, నేను తియ్యలేదని చెప్పరా" అని అరిచాడు. చంద్రరావు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. రాజుగారు ఇటు తిరిగి అతని వంకే చూస్తున్నారు. ఊరికే చూశారు.

రెండు రోజుల తర్వాత చిట్టియ్య గదికి వచ్చాడు. స్టేషన్లో తిన్న దెబ్బలకి కుడిచెయ్యి వాచిపోయి వేళ్ళు ముడుచుకోవడం లేదు. తాడితోటలో ఏ కొట్టువాడూ లోపలికి రానివ్వలేదు. పెట్టె సర్దుకుని ధవళేశ్వరం వెళ్ళిపోయాడు. సైకిలు మీద తువ్వాళ్ళూ లుంగీలూ వేసుకుని కాలవగట్ల మీద అమ్ముకుంటున్నాడని తెలిసింది. ఒకసారి చంద్రరావు బ్యారేజి దగ్గర అతన్ని చూశాడు. సైకిలు ఆపి నీళ్ళకేసి చూస్తున్నాడు. పలకరిస్తే కొట్టు మనిషెవడైనా చూసి రాజుగారికి చెబుతాడేమోనని, తల దించుకుని బస్సు రెండోవైపుకి వెళ్ళి ఎక్కేశాడు.

ఆ తర్వాత అతను మానతానన్న మాట ఎత్తలేదు. బెజవాడ నుంచి హోల్‌సేలు షావుకారొకాయన వచ్చి, అతని పనితనం చూసి, నా దగ్గరికొస్తావా అని మెల్లిగా అడిగితే "వద్దండి, వద్దండి" అన్నాడు. అచ్చాయమ్మ పురిటికి కూడా కొట్టు కట్టేశాకే వెళ్ళాడు. కొత్తగా ఎవరొచ్చి చేరినా రాజుగారు అతన్ని వేలెత్తి చూపించేవారు. "మా చంద్రాన్ని చూడండ్రా. కొట్టు మంచిది కాకపోతే ఇన్నేళ్ళుంటాడా?" అప్పుడల్లా చంద్రరావు తల వంచుకునేవాడు. వినయం అనుకునేవారు.

ఇవాళ పొద్దున్న బేరాలు పల్చగా ఉన్నాయి. శ్రావణమాసం ముందు ఇలా ఉండకూడదు. మెయిన్ రోడ్డులో లిఫ్టు పెట్టి, ఏసీ పెట్టి, కొత్త షోరూము తెరిచారు. జనం అటు పోతున్నారు. జనం వెనక సేల్స్‌మెన్లూ పోతున్నారు. కిందటి నెల షర్టింగుల దగ్గర చేసే ఇద్దరూ ఒక్కరోజే మానేశారు.

పదకొండింటికి శ్రీసత్య అతన్ని లోపలి గదికి పిలిచింది.

"కూర్చోండి, చంద్రరావు గారూ."

"ఆయ్, పర్లేదండి."

"కూర్చోండి. మీరు నిలబడితే నాకు మాట రాదు."

అతను కుర్చీ అంచు మీద, కూర్చున్నట్టూ కాకుండా నిలబడ్డట్టూ కాకుండా ఆనుకున్నాడు. ఇదే, ఇప్పుడే చెబుతుంది అనుకున్నాడు.

"పనిచేసేవాళ్ళు మానేస్తున్నారు. జీతం కోసం వెళ్ళారనుకున్నా. కనుక్కుంటే అక్కడ జీతం ఇంతేనట. మరి ఎందుకెళుతున్నారంటే ఎవరూ చెప్పరు. అడిగితే 'ఆయ్, ఏం లేదండి' అంటారు." ఆమె నవ్వింది. వయసు చిన్నది, కళ్ళ కింద నలుపు. "మంచివాళ్ళు వచ్చి చేరాలన్నా, చేరినవాళ్ళు ఉండాలన్నా ఇక్కడ ఏం బాగుందో, ఏం బాగోలేదో నాకు తెలియాలి కదండీ. మీరొక్కరే మొదట్నుంచీ ఉండిపోయారు. ఎందుకున్నారో ఇవాళ అందరి ముందూ చెప్పండి. నాన్నగారు కూడా వస్తున్నారు. మీ మాటంటే అందరూ వింటారు."

శాలువా కాదు. పంపించెయ్యడం లేదు. అడిగింది అంతకంటే భయంగా ఉంది.

"ఆయ్," అన్నాడు.

మధ్యాహ్నం గోడౌన్ మెట్ల మీద కారియర్ విప్పాడు. గోంగూర పప్పు. ముద్ద కలిపాడు. రెండు మెతుకులు నోట్లో పెట్టుకుని నీళ్ళు తాగాడు. ఏం చెప్పాలో మనసులో అల్లుకుంటున్నాడు. రాజుగారు దేవుడులాంటివారండి. కన్నబిడ్డలా చూసుకున్నారండి. అంతే. రెండు ముక్కలు చెప్పి చేతులు జోడిస్తే అయిపోతుంది.

రామలక్ష్మి వచ్చి కిందిమెట్టు మీద కూర్చుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"బాబాయ్‌గారూ, నన్ను కొత్త షోరూముకి రమ్మంటున్నారు. రేపటికి చెప్పాలి."

అతని చేతిలో ముద్ద విడిపోయింది.

"అమ్మాయిగారిని చూస్తే ఉండిపోదామనే ఉందండి. కానీ ఈవిడ ఎన్నాళ్ళుంటారో, మళ్ళీ పెద్దాయన వచ్చి కూర్చుంటారేమో. మీరయితే అన్నీ చూసినవారు. ఉండమంటారా, వెళ్ళమంటారా? మీరేది చెబితే అది చేస్తాను."

చంద్రరావు మెట్ల పైకి చూశాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు. అయినా ఎవరో ఉన్నట్టే అనిపించింది. "మెల్లిగా మాట్లాడమ్మా," అన్నాడు. "మానేస్తానని ఎవరికైనా చెప్పావా?"

"లేదండి."

"చెప్పకు. ఎవరికీ చెప్పకు."

అతని మొహం చూసి ఆ పిల్ల మొహం కూడా మాడిపోయింది. "ఎందుకండీ? చెబితే ఏం చేస్తారు?" అంది. ఆ గొంతులో బెదురు అతనికి బాగా ఎరుకైన బెదురు. అతను కారియర్ మూత పెట్టేశాడు.

మూడింటికి రాజుగారి కారు వచ్చింది. డ్రైవరు, శ్రీసత్య చెరో పక్కా పట్టుకుని తీసుకొచ్చి గల్లాపెట్టె వెనక కూర్చోబెట్టారు. మనిషి సగమయ్యారు. ఎడమచెయ్యి ఒళ్ళో ఎవరిదో వస్తువులా పడి ఉంది. కుడిచెయ్యి మాత్రం ఎప్పటిలాగే అద్దం మీద ఉంది, ఉంగరంతో సహా. షట్టరు సగం దించారు. పనివాళ్ళందరూ బల్లల వెనక ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

శ్రీసత్య మాట్లాడింది. ఇక నిలబడే చెయ్యక్కర్లేదంది. వారానికొక పూట సెలవంది. ఎవరినీ కస్టమర్ల ముందు మాట అననంది. అందరూ తలలూపారు. ఎవరూ ఆమె వంక చూడడం లేదు, అద్దం మీద ఉన్న ఆ చెయ్యి వంకే చూస్తున్నారు.

"చంద్రరావు గారూ, మీరు చెప్పండి. ఇన్నేళ్ళు ఎందుకుండిపోయారు?"

"ఎందుకేంటమ్మా," అన్నారు రాజుగారు ముద్దమాటల్లో. "విశ్వాసం. ఏరా, చంద్రం?"

చంద్రరావు చేతులు జోడించబోయాడు. దేవుడులాంటివారండి అన్న మాట నోటిదాకా వచ్చింది. ఎదురుగా రామలక్ష్మి బిల్లు పుస్తకం గుండెకి ఆనించుకుని అతని నోటికేసి చూస్తోంది. ఇప్పుడేది చెబితే అది నమ్మేస్తుంది ఈ పిల్ల. నమ్మి ఉండిపోతుంది. తనలాగే.

"భయమండి," అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. హాస్యానికన్నాడనుకుని రాజుగారు కూడా ఒక పక్క పెదవితో నవ్వారు. "ఉండాలి. భయం ఉంటేనే పని."

శ్రీసత్య నవ్వలేదు. "దేనికి భయమండీ?"

"చిట్టియ్యని తీసుకెళ్ళిన రోజునండి," అన్నాడు చంద్రరావు. తన గొంతు తనకే ఎక్కడినుంచో వినపడుతోంది. "మానతానన్నాడండి. మర్నాడు పోలీసులొచ్చారండి. నేను మానితే నాకూ అంతేననుకున్నానండి. ఆవాళ పట్టుకుందండి. ఇంకా వదల్లేదండి."

శ్రీసత్య తండ్రి వైపు తిరిగింది. "చిట్టియ్య ఎవరు, నాన్నగారూ?"

"పాత సంగతిలే. గద్వాల్ చీర పోయింది. వాడే తీశాడనుకున్నాం." రాజుగారు కుడిచేత్తో మొహం మీద ఈగని తోలుకున్నారు. "తర్వాత దొరికింది. ఆ ఏడే దీపావళికి గోడౌన్ సర్దిస్తే దుప్పట్ల బేళ్ళలో ఉంది."

"దొరికిందా?"

"దొరికింది."

"మరి ఆయనకి చెప్పారా?"

"చెబితే మిగతావాళ్ళు నెత్తికెక్కరూ?" అన్నారాయన, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు. "ఆ తర్వాత ఒక్కడంటే ఒక్కడు మానతానన్నాడేమో అడుగు. పదేళ్ళు కొట్టు దానిమీదే నిలబడింది. నీ కుర్చీల మీద నిలబడదమ్మా."

చంద్రరావు ఒకడుగు వెనక్కి వేశాడు. వెనక ఏదో తగిలింది. తను కుర్చీలో కూర్చున్నాడన్న సంగతి కాసేపటికి గాని తెలియలేదు. దొరికింది. దీపావళికే దొరికింది. చీర దొరికిన రోజున తను ఇక్కడే ఉన్నాడు, ఈ బల్ల వెనకే. చిట్టియ్య అప్పుడెక్కడున్నాడో, ఏ గట్టు మీద సైకిలు తోస్తున్నాడో. దొంగ చిట్టియ్య అని పేరు పడిపోయింది. ఊళ్ళో పిల్లనివ్వలేదు. తల్లి పోయినప్పుడు పాడె మొయ్యడానికి కూడా జనం సందేహించారు. ఇన్నాళ్ళూ తను భయపడింది లేని దొంగతనానికి.

శ్రీసత్య మొహం పాలిపోయింది. "షట్టరెత్తండి," అంది.

బేరాలు మొదలయ్యాయి. రాజుగారిని ఇంటికి తీసుకెళ్ళాల్సిన డ్రైవరు ఎటో వెళ్ళాడు. ఆయన అక్కడే కూర్చున్నారు. చంద్రరావు ముందు ఒక తల్లీకూతురూ వచ్చి కూర్చున్నారు. ఆకుపచ్చ వెంకటగిరి చూపించమన్నారు. తీశాడు, విప్పాడు, కొంగు పరిచి జరీ చూపించాడు. పిల్లకి నచ్చలేదు. ఇంకోటి తియ్యమని రామలక్ష్మి దగ్గర అరకేసి చూపించారు. చంద్రరావు చీర రెండంచులూ పట్టుకుని మడత పెట్టబోయాడు. సగం మడిచాక చేతులు కదలలేదు. చిట్టియ్య ముడుచుకోని వేళ్ళు గుర్తొచ్చాయి.

బల్ల చుట్టూ తిరిగి శ్రీసత్య దగ్గరికి వెళ్ళాడు.

"నేను వెళ్తానండి."

"ఒంట్లో బాగోలేదా?"

"ధవళేశ్వరం వెళ్ళాలండి. చిట్టియ్యకి చెప్పాలండి, చీర దొరికిందని."

ఆమె కళ్ళు నిండాయి. కుర్చీ వెనక్కి తోసి లేచింది. "నేను కూడా వస్తాను. చెప్పాల్సింది మేమే కదండీ."

"వద్దండి," అన్నాడు చంద్రరావు. "మీరొస్తే భయపడతాడండి."

ఆమె అక్కడే నిలబడిపోయింది. "రేపు వస్తారు కదూ? ఇక మీద ఇలా ఉండదు, చంద్రరావు గారూ. నా మాట నమ్మండి."

"మీరు మంచివారేనండి." అతను చెప్పులు వెతుక్కుని తొడుక్కున్నాడు. "కొత్తగా చేరే పిల్లలకి బాగుంటుందండి. నా సంగతి చెప్పలేనండి." రామలక్ష్మి దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యమ్మా. ఉంటే ఉండు, వెళ్తే వెళ్ళు. చెప్పే వెళ్ళు."

మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి వినపడింది.

టక్, టక్.

చొక్కా వీపుకి అంటుకుంది. కాలు తనంతట తనే వెనక్కి తిరగబోయింది. చంద్రరావు షట్టరు గాడి పట్టుకుని నిలబడ్డాడు. కొట్టంతా అతని వంకే చూస్తోంది. ఇన్నేళ్ళ భయమూ ఎక్కడికీ పోలేదు, ఇప్పుడూ అలాగే ఉంది. దాన్ని మోసుకునే ఒక మెట్టు దిగాడు. తర్వాత ఇంకోటి. టక్, టక్, టక్ అని అద్దం మోగుతూనే ఉంది. ఆటోల మధ్యనుంచి, సన్నటి చినుకుల్లో, కోటిపల్లి బస్టాండు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

శ్రీసత్య వెళ్ళి తండ్రి చెయ్యి అద్దం మీదనుంచి మెల్లిగా తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

ఇంకో రంగు చూస్తున్న తల్లీకూతురూ ఏమీ అర్థంకాక మొహాలు చూసుకున్నారు. రామలక్ష్మి వచ్చి చంద్రరావు బల్ల ముందు నిలబడింది. చెయ్యి చాపింది గానీ మళ్ళీ వెనక్కి తీసుకుంది. సగం మడతలో ఆగిపోయిన ఆకుపచ్చ చీర బల్ల మీద అలాగే ఉంది. కొంగు అంచు దాటి కిందికి జారి, ఫ్యాను గాలికి కొంచెం కొంచెం కదులుతోంది.